షోకేసులో గొడుగు

మా చెల్లెలి మొగుడు నోరు లేని మనిషి. ఆకలేసినా అన్నం పెట్టమని అడగడు. ఇలాంటివాళ్ళని నేను నమ్మను. వాగేవాళ్ళే నయం, కడుపులో ఉన్నది ఏదో ఒకరోజు కక్కేస్తారు. చెల్లి మాత్రం "బంగారంలాంటి మనిషక్కా" అంటుంది.

అతని ఉద్యోగం బట్టల షాపులో. మొదట కౌంటర్లో నిలబెట్టారు. మాట్లాడక మాట్లాడక "ఈ రంగు మీకు నప్పదండీ" అని నిజం చెప్పేస్తుంటే, బేరాలు పోతున్నాయని బొమ్మల దగ్గర పడేశారు. వీధివైపున్న అద్దాల షోకేసులో బొమ్మలకి బట్టలు తొడిగి నిలబెట్టడం అతని పని. చుట్టుపక్కల అంతా బొమ్మలాయన అంటారు.

ఈమధ్య సెలవు రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఒక్కడే బయటికి పోతున్నాడు. ఎక్కడికని చెల్లి అడిగితే "పనిమీద" అన్నాడట. సెలవురోజు పనేమిటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన వెక్కిరించారు. కంద నా చెల్లెలు, అందుకే దురద అన్నాను. గొడుగు పట్టుకుని మరిది వెనకాలే బయల్దేరాను.

మొదట ఏదో కొత్తరకం కళల ప్రదర్శనకి వెళ్ళాడు. పెద్ద తెల్లగది, మధ్యలో బోర్లా పడేసిన కుర్చీ ఒకటి. అంతే! దాని చుట్టూ జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మరిది మాత్రం కుర్చీకి వీపు తిప్పి వచ్చినవాళ్ళ మొహాలు వెతుకుతున్నాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడన్నమాట.

తర్వాత సినిమాకి. తెరమీద ఒకావిడ తలుపువైపు చూసి హడలిపోయింది. హాలంతా ఆ తలుపుకేసే చూస్తోంది. ముందు వరసలో ఉన్న మరిది వెనక్కి తిరిగి హాలుకేసి చూస్తున్నాడు. నేను గబుక్కున గొడుగు విప్పాను. వెనకసీట్లవాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు.

ఆ పై వారం గారడీ ఆటలో దొరికిపోయాడు. మాయగాడు తన ఖాళీ చేతికేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు, జనమూ అటే చూస్తున్నారు. మరిది యథాప్రకారం వెనక్కి తిరిగి నావైపు చూసి నవ్వాడు. నేను గొడుగు చాటున ఉన్నాను కదా, మరి ఎవర్ని చూసి? పక్కకి చూద్దును కదా, నా పక్కసీటావిడ మాయగాణ్ణి వదిలేసి అతన్నే చూస్తోంది!

అదంతా చెల్లికి చెప్పాను. ఏడవలేదు, బట్టలు మడిచి సంచిలో పెట్టుకుంది. "పొద్దున్నే షాపుకెళ్ళి మొహమ్మీదే అడుగుతాను. అవునంటే అట్నుంచటే మీ ఇంటికొచ్చేస్తానక్కా" అంది. నా అనుమానం నిజం కాకూడదని నాకు మొదటిసారి అనిపించింది.

తీరా ఇద్దరం వెళ్తే షోకేసు ముందు గుంపు. లోపల ఓ మూల స్తంభం చాటున బూడిదరంగు బట్టల్లో ఓ ఆడబొమ్మ, మెడ సాచి, గొడుగు చాటునుంచి ఒంటికన్నుతో తొంగిచూస్తోంది. అది చూసేవైపు ఒకే ఒక్క ఎర్ర శాలువా ఉంది. జనమంతా దాన్నే చూస్తున్నారు. నేనూ దాన్నే చూశాను.

మమ్మల్ని చూసి మరిది బయటికొచ్చాడు. సంచి చూడగానే అతని మొహం పాలిపోయింది.

"ఎవరావిడ?" అంది చెల్లి.

"ఏ ఆవిడ?"

నేను గారడీ ఆట సంగతి ఎత్తాను. అతను కాసేపు తెల్లమొహం వేసి, ఆనక నవ్వేశాడు.

"చూడండి అంటే ఎవరూ చూడరు వదినా. ఇంకొకళ్ళు చూస్తుంటే చూస్తారు. ఆ కుర్చీ దగ్గరా అంతే, సినిమాలోనూ అంతే. ఆ కిటుకుని షోకేసులో ఎలా పెట్టాలో తెలీక తిరిగాను. ఆ రోజు మీరు నన్నే చూస్తుంటే, మీ పక్కావిడ కూడా ఏమిటా అని నన్నే చూసింది. అప్పుడు దొరికింది."

"నేనున్నట్టు తెలుసా?"

"మొదటిరోజే. నాలుగు గోడల మధ్య గొడుగు పట్టుకుని తిరిగింది మీరొక్కరే కదా."

"ఇంట్లో చెప్పి చావొచ్చుగా!" అని చెల్లి సంచి అతని చేతిలో కుక్కి, ఏడుస్తూ నవ్వింది.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అతను అద్దంలోకి చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"గొడుగు సరిగ్గా ఉందా వదినా?"

ఉండబట్టలేక చూశాను.

"ఇంకాస్త కిందికి వంచు. అలా ఉంటే దొరికిపోతుంది."