కాలనీ మొత్తానికి ఒకే ఫోను

వరద నీళ్లలో చిక్కుకున్న ఊళ్లను ఇంటర్నెట్ మ్యాపులో గుర్తించే పనిని తిరుపతిలో కొందరు స్వచ్ఛందంగా చేస్తున్నారు. బాధితులు ఫోన్ చేస్తే మ్యాపులో ఎర్రచుక్క పెడతారు. ఆ చుక్కను బట్టి అన్నం, మంచినీళ్ల లారీ వెళుతుంది. ఇంతవరకు మెచ్చుకోవాల్సిన పనే.

ఈ ఉదయం సత్యవేడు దగ్గర ఒక కాలనీకి నడుం లోతు నీళ్లలో నడిచి వెళ్లాను. నిన్నటి నుంచి అక్కడ పిల్లలకు కూడా అన్నం లేదు. ఇంటికొకరు ఫోన్ చేశామన్నారు. లారీ రాలేదు. మ్యాపు పని చూసే కుర్రాడికి అక్కడి నుంచే నా సెల్‌తో ఫోన్ చేసి, విలేకరినని చెప్పి అడిగాను.

"కాల్స్ వచ్చినాయి సార్. అన్నీ ఒకే నంబరు నించి. ఎవురో ఒకడే మళ్లీ మళ్లీ చేస్తా ఉండాడని తీసేసినాం. మూడు నంబర్ల నించి వస్తేనే చుక్క పెట్టేది. అది రూలు."

పక్కనే ఉన్న మునెమ్మకు ఆ మాట చెప్పాను. ఆ కాల్స్ వెళ్లిన ఫోన్ ఆమె కొడుకుది.

"కాలనీకంతా ఉండేది ఇదొక్కటే గదా నాయనా. ఆకలైనోళ్లంతా తలా ఒక ఫోను కొనుక్కోవాల్నా?" అంది.

అదే ఫోన్‌లో ఆ కుర్రాడికి చెప్పాను.

"మీరు చెప్పినారు గదా సార్, సాలు. ఇప్పుడే పెట్టేస్తాను" అన్నాడు. మధ్యాహ్నానికి లారీ వచ్చింది.

నీళ్లలో ఉన్నవాళ్లు ఇంటికొకరు చెప్పినా కదలని రూలు, ఒక పూట చూసిపోయే విలేకరి చెప్పగానే పక్కకు తప్పుకుంది. వాళ్లది ఒక నంబరు, నాది ఒక నంబరు. మూడోది ఎందుకు అడగలేదో ఆ రూలు పెట్టినవాళ్లు కింద కామెంట్లలో రాయండి.