చెవిబిళ్ల పొట్టేలు

జడ్చర్లలో చిప్‌లు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీని, దాని భవిష్యత్తును, బాగా బలిసిన ఒక పొట్టేలును నేను ఒకే పూటలో ఎట్లా ఆగం చేశానో చెబుతాను. పొట్టేలు విషయంలో ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఫర్నిచర్ దుకాణం పైన కిరాయికి తీసుకున్న గదులు, కొందరు కుర్రాళ్లు, మా యజమాని రఫీ భాయ్. చిప్ డిజైన్ కంపెనీలన్నిటినీ ఒక్కచోట చేర్చే క్లస్టర్ ఒకటి మా దిక్కు వస్తుందని, అందులో జాగా దొరికితే బతికిపోతామని, దొరకకపోతే గదులు ఖాళీ చేసి ఎవరింటికి వాళ్లు పోవడమేనని ఆయన రోజూ చెప్పేవాడు. మేము తయారు చేసింది గొర్రెల చెవికి పెట్టే చిప్. గొర్రె ఎక్కడుంది, ఒళ్లు ఎంత వేడిగా ఉంది, రెండూ కనిపెట్టి ఫోనుకు చెబుతుంది. డిజైన్ మాది, తయారీ ఎక్కడో విదేశంలో. తిరిగొచ్చిన నమూనాల్లో సరిగ్గా పని చేసింది ఒక్కటే.

జాగా ఎవరికివ్వాలో తేల్చే మేడం హైదరాబాద్ నుంచి వస్తున్నదని తెలియగానే, మా మేనమామ మల్లయ్య మందలో చూపిద్దామని నేనే ఎగిరి ముందుకు దూకాను. అప్పుడే ఇంజినీరింగ్ పూర్తయింది. లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం.

ముందురోజు మామ ఊరికి పోయాను. మందంతా తిరిగి, వీపులు తడిమి, ఫోటోల్లో బాగా కనబడాలని అన్నిటికంటే బలిసిన పొట్టేలును పట్టుకుని దాని చెవికి చిప్ ఉన్న బిళ్ల బిగించాను.

"గిదేంది అల్లుడా?" అన్నాడు మామ.

"చెప్పినా నీకు సమజ్ గాదు మామా. రేపు పట్నం నుంచి పెద్దోళ్లు వస్తున్నరు. గంతే."

మామ అంతా అర్థమైందన్నట్టు తల ఊపాడు. నిజంగానే ఆయనకు అర్థమైంది.

ఇక్కడ జర ఆగండి. మా దిక్కు దావత్ ఉన్నవాళ్లు ముందుగానే మందకు వచ్చి, వీపులు తడిమి చూసి, నచ్చిన పొట్టేలుకు ఒక గుర్తు కట్టి పోతారు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ మంద వెంట తిరిగిన నాకు ఈ సంగతి తెలియక కాదు. కాకపోతే ఆ రోజు నేను గొర్లకాపరి మేనల్లుణ్ని కాదు, సైంటిస్టును.

మర్నాడు మామ ఇంటి ముందు షామియానా కింద మేడంను కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచాను. ఇకముందు కాలంలో సెన్సారు, రేడియో, మెమరీ అన్నీ ఒక్క చిప్‌లోనే ఒదిగిపోతాయని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా దంచాను. ఇంతలో తెరమీద పొట్టేలు జాడ చూపే చుక్క మందలోంచి కదిలి ఇంటి వైపు వచ్చింది. చూశారా, మనుషుల సందడికి అదే వస్తున్నది, మంచి మాలిమి అన్నాను.

చుక్క ఇంటి వెనక ఆగిపోయింది. నేను ఉపన్యాసంలో ఇంకా మెమరీ దగ్గరే ఉన్నాను. కాసేపటికి వేడి జరజరా పడిపోయింది. నీడలో పడుకుని చల్లబడ్డదని చెప్పాను. మరీ ఇంత చల్లబడుతుందా అని మేడం అడిగితే, హాయిగా ఉన్నదానికి గుర్తు అన్నాను. ఆ తర్వాత వేడి ఎక్కడం మొదలైంది. ఎక్కుతూనే ఉంది. ఫోను గంట కొట్టింది. జ్వరం కనిపెట్టిందని రఫీ భాయ్ మొహం వెలిగిపోయింది.

"ఇంత జ్వరమొస్తే బతుకుతుందా?" అని మేడం అడిగింది.

"మా చిప్ ఉండంగ ఏ గొర్రె గూడ సావదు మేడం," అన్నాను.

పాపం, పోయి చూద్దామని ఆమె లేచింది. చుక్క చూపించిన దారినే ముగ్గురం ఇంటి వెనక్కి పోయాం. అక్కడ పొయ్యి మీద పెద్ద గంజులో మా అత్తమ్మ ఉల్లిగడ్డలు వేయిస్తున్నది. పక్కన బేసిన్‌లో మా ప్రదర్శన మొత్తం ముక్కలై ఉంది. పొయ్యి గట్టు మీద నా బిళ్ల ఉంది.

"నీ బిళ్ల భద్రంగ తీసిపెట్టిన అల్లుడా," అన్నాడు మామ, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ. "నెత్తురంటితే చల్లటి నీళ్లల్ల కడిగిన. తడి ఆరాలెనని పొయ్యి కాడ పెట్టిన."

రఫీ భాయ్ వైపు చూడలేకపోయాను. ఆయన ఇన్నేళ్ల కష్టం ఆ బేసిన్‌లో కనబడి నిజంగానే ఏడుపొచ్చింది.

మేడం బిళ్లను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత భోజనానికి కూర్చుని కూర రెండోసారి వడ్డించుకుంది. చేతులు కడుక్కున్నాక రఫీ భాయ్‌ను పిలిచింది.

"మీ చిప్ మొదటి నుంచి చివరిదాకా ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పిన అబద్ధాలన్నీ ఈ పిల్లగానివే. చిప్‌కు జాగా ఇస్తాం. దాని తరఫున మాట్లాడే మనిషిని మార్చండి."

మార్చారు. ఇప్పుడు క్లస్టర్‌లో మాకు సొంత జాగా ఉంది. అతిథులు వస్తే నన్ను లోపలి గదిలో కూర్చోబెడతారు.

ఆ పొట్టేలు సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద ఎవరు "గిదేంది" అని అడిగినా, వాళ్లకు విసుగొచ్చి లేచిపోయేదాకా చెబుతాను. మందలో ఎప్పుడు చిప్ పెట్టాల్సి వచ్చినా, ఎవరికీ నోరూరని బక్క గొర్రెకే పెడతాను. రెండూ తప్పకుండా పాటిస్తున్నాను.

మామకు మాత్రం ఇది నచ్చలేదు. మొన్న ఒక బక్క గొర్రె చెవికి బిళ్ల బిగించి, అది ఏమిటో, ఎందుకో పూర్తిగా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, గొర్రె వీపు తడిమి, పెదవి విరిచాడు.

"గీసారి వచ్చేటోళ్లు అంత పెద్దోళ్లు గాదా అల్లుడా?"