రగ్న ముసలామెగా కూర్చున్న మంగళవారం

నార్వేలో, లొఫోటెన్ దీవుల్లోని ఒక వృద్ధాశ్రమంలో పనికి చేరేనాటికి రగ్నకి ముప్పై ఏళ్లు. మొగుడు వదిలేశాడు, పిల్లల్లేరు. ముసలివాళ్ల ఒళ్లు తుడుస్తూ, జావ తాగిస్తూ యాభై దాటేసింది. ఎవరితోనూ పేచీ పెట్టుకోదు, నలుగురూ ఎటంటే అటే. ఆ పిరికితనాన్ని అందరూ మంచితనమనుకున్నారు, ఆమెతో సహా.

చేపల ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుని ఆశ్రమానికి చేరిన ముసలామె గున్వోర్ ఆ చలికాలం తిండి మానేసింది. మాట ఎప్పుడో పడిపోయింది. చెంచా కనిపిస్తే పెదాలు బిగించేది. రగ్న అయితే చెంచా దించేసేది. తోటి ఆయా తూరిద్ వంతు వచ్చిన రోజు మాత్రం గిన్నె ఖాళీ అయ్యేది. ఎలాగో రగ్న ఒకనాడు కళ్లారా చూసింది. తూరిద్ ముసలామె ముక్కు నొక్కి పట్టుకుంటోంది, ఊపిరి కోసం నోరు తెరవగానే జావ పోస్తోంది.

ప్రతి మంగళవారం సిబ్బంది కాఫీ, వాఫిల్స్ అనే తీపి అట్లు ముందు పెట్టుకుని తమ పనిలో తప్పొప్పులు మాట్లాడుకునేవారు. ఎవరి పేరూ ఎత్తకూడదు. ఆ వారం రగ్న మొదటిసారి నోరు విప్పింది.

"వద్దంటున్న మనిషి నోట్లో బలవంతాన కుక్కడం... నాకు మనసొప్పట్లేదు."

పెద్ద నర్సు సిస్సెల్‌కి ఇలాంటివంటే మహా ముచ్చట. "ఆ మనిషి చోట కూర్చుని చూద్దాం. రగ్నా, నువ్వు ముసలామెవి. తూరిద్, నువ్వు తినిపించు."

రగ్న పెదాలు బిగించింది.

"మా అమ్మే, మా తల్లే, ఒక్క ముక్క!" అంటూ తూరిద్ ఆమె ముక్కు పట్టుకుంది. అందరూ గొల్లున నవ్వారు. రగ్న ముఖం కందిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి నోరు తెరుచుకుంది. జామ్ పూసిన వాఫిల్ లోపలికి పోయింది.

"చూశారా? బతకాలని ఒంటికే ఉంటుంది," అంది తూరిద్.

"ఏమనిపించిందే?" సిస్సెల్ ఎంతో ఆప్యాయంగా అడిగింది.

చచ్చిపోతాననిపించింది. అంత అవమానం ఆమె జన్మలో పడలేదు. ఆ ఒక్క మాట చెబితే గున్వోర్ బయటపడేది. కానీ అందరూ నవ్వుతూ తనవైపే చూస్తున్నారు.

"వాఫిల్ బాగుంది," అంది రగ్న.

మళ్లీ నవ్వులు.

"అయితే ఇకనుంచి ఆ ముసలామెకి నువ్వే తినిపించు," అంది సిస్సెల్. "ఎలా ఉంటుందో తెలిసినదానివి."

మధ్యాహ్నం గున్వోర్ పెదాలు బిగించి, ఇక చెంచా దించెయ్యమన్నట్టు రగ్నని చూసింది. ఆ చూపులో భయం లేదు. రగ్న ఆమె ముక్కు పట్టుకుంది. ముసలి చేతులు రగ్న మణికట్టు మీద కాసేపు పెనుగులాడాయి.

గిన్నె సగమయ్యేసరికి, రగ్న చెయ్యి లేస్తే చాలు, గున్వోర్ తనే నోరు తెరుస్తోంది.