తప్పంతా హాస్కెల్ గారిదే

హాస్కెల్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. ప్రశ్న ఆయనే వేస్తారు, జవాబూ ఆయనే చెప్పేసుకుంటారు. ఎదుటివాడు నోరు తెరిచేలోగా ఆయన మూడో ప్రశ్నలో ఉంటారు.

కాఫీ హోటల్లో కూర్చుంటే చాలు, మొదలు. "తినడానికి బ్లూబెర్రీ పై ఉందా డాట్? ఉంది. ఇవాళ్టిదా? కాదు, నిన్నటిది. బాగుంటుందా? పర్వాలేదు. ఓ ముక్క పట్రా." హోటల్ నడిపే డాట్‌కి పదకొండేళ్ళుగా ఆయనతో ఒక్క మాటా మాట్లాడే అవసరం రాలేదట. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలోనూ ఇదే వరస. "కింది వరస కనిపిస్తోందా? కనిపిస్తోంది. మొదటి అక్షరం ఏమిటి? ఎఫ్. శభాష్." ఫోర్ట్ ఎలియట్ ఊళ్ళో సగంమంది హాస్కెల్ గారి కంటిచూపుకి సరిపోయే అద్దాలు పెట్టుకు తిరుగుతున్నారని గిట్టనివాళ్ళు అనేవారు.

ఇంతవరకూ నవ్వులాటే. కానీ ఆ జబ్బు మనిషి చేతిలోనే ఊరి పిల్లల భవిష్యత్తు ఉండేది. దక్షిణాన ఓ గొప్ప కాలేజీ ఉంది. వందమంది అడిగితే పదిమందికి కూడా చోటివ్వదు. దరఖాస్తు పెట్టిన ప్రతి పిల్లనీ పిల్లవాణ్ణీ ఆ చుట్టుపక్కల ఉన్న పాత విద్యార్థి ఎవరో ఒకరు ఇంటర్వ్యూ చేసి, కాలేజీకి ఉత్తరం రాయాలన్నది అక్కడి ఆనవాయితీ. యాభై మైళ్ళ బంగాళాదుంప తోటల మధ్య ఆ కాలేజీలో చదివినవారు హాస్కెల్ గారొక్కరే. ముప్పై ఏళ్ళుగా ఆ పని ఆయనదే.

ఆయన ఇంటర్వ్యూ చేసిన పిల్లల్లో ఒకతైన వెర్నాకి అది ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా నిన్న జరిగినట్టే ఉంది. వాళ్ళమ్మ చర్చికి వేసుకెళ్ళే కోటు తొడుక్కుని, ఎనిమిది రోజులు అద్దం ముందు వల్లెవేసిన జవాబులు మూటకట్టుకుని హోటల్‌కి వెళ్ళింది.

"మా కాలేజీలో ఎందుకు చేరదామనుకుంటున్నావమ్మా? లైబ్రరీ కోసం. ఎవరైనా అదే చెబుతారు. నచ్చిన పుస్తకం? ఉంటుందిలే ఏదో. కోతల సెలవుల్లో ఏం చేస్తావు? దుంపలు ఏరతావు. నడుం నొప్పెడుతుందా? పెడుతుంది. నాదీ అంతే."

తర్వాత నలభై నిమిషాలు మంచు తోసే మిషను కథ. వెర్నా నోటి నుంచి వచ్చినవి మొత్తం రెండు మాటలు: "నమస్కారమండీ", "వెళ్ళొస్తానండీ".

ఏప్రిల్లో పల్చటి కవరొచ్చింది. చోటిస్తే లావు కవరొస్తుంది, లేదంటే ఒక్క కాగితం ఉన్న పల్చటిది. విప్పక్కర్లేదు, పోస్టుపెట్టెలో చెయ్యి పెడితేనే తెలిసిపోతుంది. వెర్నా గుండె పగిలిపోయింది. వాళ్ళ నాన్న బల్ల మీద చరిచి, "ఆ హాస్కెల్‌ గాడు నిన్ను నోరు మెదపనిచ్చాడా? వాడి నోట్లో దుంప కుక్కెయ్యా!" అన్నాడు. వీధంతా అదే మాట. ఏడుస్తున్న వెర్నాకి నవ్వొచ్చింది. రెండు రోజులు తిట్టుకుంది, మూడో రోజున రాష్ట్ర యూనివర్సిటీకి కాగితాలు నింపింది. చదివింది. ఊరికి తిరిగొచ్చి తను చదివిన బడిలోనే పిల్లలకి కాలేజీ దరఖాస్తులు చూసే పనిలో చేరింది.

అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్లో పల్చటి కవరు పట్టుకొచ్చిన ప్రతి బిడ్డకీ ఆవిడ చెప్పే మాట ఒక్కటే: "తప్పు నీది కాదు నాన్నా, హాస్కెల్ గారిది." వాళ్ళు ముక్కు చీదుకుని, గుమ్మం దాటకముందే ఆయన్ని అనుకరించడం మొదలుపెట్టేవారు. "నాకు ఏడుపొస్తోందా? వస్తోంది. ఆకలేస్తోందా? వేస్తోంది. పద, బ్లూబెర్రీ పై తిందాం."

ఇదంతా నోయెల్ వచ్చేదాకా. దుంప రైతు కూతురు, మాట తక్కువ పిల్ల. చలికాలంలో గడ్డకట్టిన నది మీద మంచు ఏ ఏడు ఏ రోజున విరిగిందో ఊరి ముసలివాళ్ళ డైరీలన్నీ అడిగి తెచ్చి, తొంభై ఏళ్ళ లెక్క ఒక్కచోట రాసింది. ఎందుకమ్మా అంటే, "ఎవరూ రాయలేదు కదండీ" అంది. ఈ పిల్లని మాత్రం ఆ ముసలాయన నోటికి బలి ఇవ్వనని వెర్నా పట్టుబట్టింది. మీ ప్రతినిధి పిల్లల్ని మాట్లాడనివ్వడని కాలేజీకి ఘాటుగా ఫిర్యాదు రాసింది.

కాలేజీవాళ్ళు విన్నారు. హాస్కెల్ గారికి ముప్పై ఏళ్ళ సేవకి కృతజ్ఞతలంటూ ఓ ఉత్తరం పంపి సాగనంపారు. ఆ వారమే ఆయన పోస్టాఫీసు మెట్ల మీద వెర్నాకి ఎదురయ్యారు. "చలిగా ఉందా వెర్నా? ఉంది. రాసింది నువ్వేనా? నువ్వే. పిల్ల మంచిదా? చాలా మంచిది." టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు. వెర్నాకి కాస్త సిగ్గేసింది కానీ, విచారించలేదు.

ఆయన బదులు, అదే కాలేజీలో చదివిన ఒక లాయరమ్మ పోర్ట్‌లాండ్ నుంచి అయిదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. గంటన్నరసేపు ఒక్క మాటకీ అడ్డు రాలేదు. మంచు లెక్కలు విని కళ్ళు తుడుచుకుంది. లేచేటప్పుడు నోయెల్ చేతులు రెండూ పట్టుకుని, "నీలాంటివాళ్ళ కోసమేనమ్మా మా కాలేజీ" అంది. పిల్ల గాల్లో తేలుతూ వచ్చింది. వెర్నా అయితే లావు కవరు వచ్చేసినట్టే సంబరపడింది.

ఏప్రిల్లో వచ్చింది పల్చటి కవరు.

నోయెల్ వెర్నా గదికొచ్చి కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది వెర్నాకి.

"మేడమ్, ఆవిడ అంతా విన్నారు. చెప్పాలనుకున్నదంతా చెప్పాను, ఒక్క మాట కూడా మిగల్చలేదు. అంటే నన్ను పూర్తిగా చూసే వద్దన్నారు కదా?"

"అలా అనుకోకూడదమ్మా..."

"నేనేం తప్పు మాట్లాడానండీ?"

వెర్నా తన పాత మాట కోసం తడుముకుంది. అది లేదు. దాన్ని తనే ఊడబెరికి పారేసింది. బల్ల మీద రాష్ట్ర యూనివర్సిటీ కాగితాలు ఖాళీగా ఉన్నాయి, శుక్రవారం ఆఖరు గడువు. నోయెల్ వాటివంక చూసి, "ఎందుకులెండి, నేను ఎక్కడా పనికిరాను" అని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం వెర్నా హాస్కెల్ గారింటి తలుపు తట్టింది. ఆయన భార్య ఓపల్ తీసింది. వంటింట్లో ఆయన ఒక కళ్ళజోడుకి మరమేకు బిగిస్తున్నారు. వెర్నా జరిగింది చెప్పింది. ఆయన అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు. వెర్నాకి ఆశ్చర్యమేసింది.

"పెళ్ళైన కొత్తలో ఈయన నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు పెట్టి లాగాల్సొచ్చేది," అంది ఓపల్. "ఈ వాగుడు తర్వాత వచ్చిందే. చెప్పవయ్యా, ఇంకెన్నాళ్ళు దాస్తావు?"

హాస్కెల్ గారు కళ్ళజోడు కింద పెట్టారు.

"నా మొదటి ఇంటర్వ్యూ డ్వేన్ అనే కుర్రాడిది. మూడు గంటలు విన్నాను. నీకు కాక ఎవరికిస్తారోయ్ అన్నాను. పల్చటి కవరొచ్చింది. దుకాణానికొచ్చి, నేనేం తప్పు మాట్లాడానండీ అనడిగాడు. ఏమీ లేదన్నాను. నమ్మలేదు. మళ్ళీ ఏ కాలేజీకీ రాయలేదు. ఇప్పుడు వాడికి నలభై ఎనిమిది. జోడు బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ అదే అడుగుతాడు వెర్నా."

ఓపల్ కాఫీ పొయ్యి మీద పెడుతుంటే ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకి ఇచ్చే విలువ ఆవగింజంత. అది పిల్లల కోసం కాదు, నాలాంటి పాతవాళ్ళు కాలేజీని మరిచిపోకుండా ఉండడానికి. వద్దనడానికి కారణమే ఉండదు. కారణం లేకపోతే పిల్లలు అది తమలో వెతుక్కుంటారు. అందుకని నేనే కారణాన్నయ్యాను. వేషం వేసి వేసి అదే అలవాటైపోయింది."

"మరి ఉత్తరాల్లో ఏం రాసేవారు? మమ్మల్ని మాట్లాడనిచ్చిందే లేదు!"

"మీ టీచర్లని అడిగేవాణ్ణి, బస్సు డ్రైవర్ని అడిగేవాణ్ణి. మీకు ఆరేళ్ళప్పటి నుంచీ మీ కళ్ళల్లోకి చూస్తున్నవాణ్ణే కదా. ఒక పేజీ రాయమంటారు. నీ గురించి మూడు రాశాను."

వెర్నా ఏడ్చింది. తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఓపల్ కాఫీ పోసింది.

"ఆ పిల్లతో కూడా నామీదే చెప్పు," అన్నారాయన. "కోపంతో కాలేజీకి ఫోన్ చేసి పాడుచేశానని చెప్పు. ఊరంతా నమ్ముతుంది."

"మిమ్మల్ని తీసేశారని దానికి తెలుసండీ. నమ్మదు," అంది వెర్నా.

మర్నాడు నోయెల్‌ని పిలిపించింది.

"నీ తప్పేం లేదు నోయెల్. నేనే పాడుచేశాను. హాస్కెల్ గారి మీద కాలేజీకి ఫిర్యాదు రాసింది నేనే. వాళ్ళ పాత విద్యార్థిని తిట్టిన బడంటే వాళ్ళకి ఒళ్ళు మండదూ? నీ కాగితాల కింద నా సంతకం చూసి పక్కన పడేసి ఉంటారు."

అది నిజమో కాదో వెర్నాకి తెలియదు. కాదని రుజువు చేయగలవాళ్ళు మాత్రం ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

నోయెల్ ముఖంలోకి నెత్తురు వచ్చింది. "మిమ్మల్నెవరు రాయమన్నారండీ?"

"ఎవరూ అనలేదు."

"హాస్కెల్ గారైతే మాత్రం ఏమైంది? మా అక్క భరించలేదా? మీరు భరించలేదా? ఆ మంచు మిషను కథ నేనూ వినేదాన్ని కదా!"

"వినేదానివే."

"నాలుగేళ్ళు కష్టపడ్డానండీ! మా నాన్నతో చెబుతాను!"

"చెప్పు. అందరికీ చెప్పు."

నోయెల్ విసురుగా లేచి, బల్ల మీదున్న రాష్ట్ర యూనివర్సిటీ కాగితాలు లాక్కుంది. వెర్నా అలవాటు కొద్దీ వాటిమీద చెయ్యి వేయబోయింది.

"మీరు ముట్టుకోకండి!" అంది నోయెల్. "ఇవైనా నేనే నింపుకుంటాను."