పచ్చదీపం వెలిగేదాకా

మా పెద్దక్క ఆసుపత్రిలో సర్వర్లు చూసుకుంటుంది. నీ పనేమిటే అని అమ్మ అడిగితే, తలుపులు తీసిపెట్టడమేనమ్మా అంటుంది. ఆ మాట నాకు అర్థమైంది క్యారేజీ పట్టుకుని వెళ్లిన రోజున.

ఆ ఉదయం స్కాన్ బొమ్మలు దాచే సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశారట. యంత్రం లేచింది గానీ దాన్ని మిగతా ఆసుపత్రితో కలిపే నెట్‌వర్క్ సర్వీసు లేవలేదు. పై అంతస్తులో ఒక పసిపాపకు తలలో గడ్డ. అదెక్కడుందో చూపే బొమ్మలన్నీ ఇందులోనే ఉన్నాయి. అవి కళ్లబడందే కత్తి పట్టనన్నారు డాక్టరుగారు.

అక్కతో పనిచేసే పెద్దాయనను వయసును బట్టి అక్క బాబాయ్ అంటుంది. ఆయన కేబుల్ పీకి పెట్టాడు, సర్వీసును మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశాడు.

"అలిగిందే తల్లీ. మీ పిన్నే నయం, ఎందుకలిగిందో చెబుతుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ చూపు గడియారం మీదే ఉంది.

"ఇదీ చెబుతుంది బాబాయ్. మనం వినాలంతే."

అక్క, జరిగిందంతా యంత్రం రాసిపెట్టుకునే లాగ్ తెరిచి ఒక్కో వరుసా నిదానంగా చదివింది. తర్వాత సెట్టింగులుండే ఫోల్డర్‌లోకి వెళ్లింది. అక్కడ ఒకే ఫైలు రెండుసార్లు ఉంది. నిన్న మార్పు చేసేముందు, ఎందుకైనా మంచిదని బాబాయి దానికి నకలు తీసి పక్కనే పెట్టాడు. సర్వీసు లేచేటప్పుడు అక్కడున్నవన్నీ చదువుతుంది. అసలేదో నకలేదో దానికేం తెలుసు? రెండూ ఒకే చిరునామా తమదనేసరికి తడబడి ఆగిపోయింది.

బాబాయి ముఖం పాలిపోయింది. అక్క నకలును వేరేచోటికి మార్చి, తన కుర్చీ ఆయనవైపు జరిపింది.

"నువ్వే స్టార్ట్ చెయ్యి బాబాయ్."

ఆయన కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకుని మీట నొక్కాడు. యంత్రం వెనక ఆవగింజంత పచ్చదీపం మినుకుమంది. కాసేపటికి ఫోన్ మోగింది. బొమ్మలు అందాయట, మొదలుపెడుతున్నారట. తప్పెక్కడ జరిగిందని అడిగినట్టున్నారు.

"మా దగ్గరేనండీ, సరిచేశాం" అంది అక్క.

నేను ఆ దీపాన్నే చూస్తూ నిలబడిపోయాను. మామూలుగా దేవుడొక్కడే చూడగల చోటు, ఆ పసితల లోపలిది, సన్నని తీగ వెంట గోడలు దాటి వెళ్లి డాక్టరుగారి ముందు తెరుచుకుంది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

క్యారేజీ విప్పుదామంటే ఎవరికీ మనసొప్పలేదు. సాయంత్రానికి నర్సమ్మ ఫోన్ చేసింది, పాప కళ్లు తెరిచి వాళ్లమ్మ వేలు పట్టుకుందని. అప్పుడు అక్క చల్లారిన అన్నం ముందు బాబాయికి వడ్డించింది.