కోట్వార్ చావు ఎవరు రాయాలి

నా పేరు కట్టం రాజమ్మ. భర్త లేడు. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డు అరవై నాలుగంటుంది, దానితో నేను వాదన పెట్టుకోను. ఊరు కిష్టారం దగ్గర, ఇక్కడి ఆఫీసులన్నీ హిందీవి. ఇంట్లో నేను, చిన్న కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు, ఏడు మేకలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. రాసింది రాసినట్టు చదివి వినిపించాకే వేలిముద్ర వేస్తానని ముందే చెప్పాను.

మా ఊరి కోట్వార్ చనిపోయాడు. నేను ఇప్పపూలు ఏరుకుని వస్తుంటే ఆయన భార్య చెల్లెలు దారిలో ఎదురుపడి చెప్పింది. పొద్దున్నే గంజి తాగి, చెప్పులు వేసుకోబోతూ గుమ్మంలో కూలిపోయాడట. నా తలమీద గంప ఉంది. దించాలని కూడా తోచలేదు. గంపతోనే వాళ్ళింటికి నడిచాను.

కోట్వార్ అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఊరి కబురు ఆఫీసుకి, ఆఫీసు కబురు ఊరికి మోసే మనిషి. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో తన పుస్తకంలో రాసుకుని పంచాయతీ సచివ్‌కి, అంటే కార్యదర్శికి, చేరవేసేవాడు. ముప్ఫై ఏళ్ళు మా ఊరి చావులన్నీ అలా ఆయన చేతిమీదుగానే వెళ్ళాయి. అలాంటి మనిషి చావుని రాయించొద్దని ఆయన ఇంట్లోనే పట్టుబట్టారు. ఆఫీసు వాళ్ళ హిందీ ఫారంలో ఆయనకి ఇచ్చింది ఒక్క వరుస. అందులో పట్టని సంగతి ఇక్కడ చెబుతాను.

ఆయన చాటింపు వేసే పద్ధతే వేరు. డప్పు కొట్టి, హిందీ కాగితం ఉన్నదున్నట్టు చదివేవాడు. దాన్నే మా అడవి ఊళ్ళ దోర్లీ భాషలో చెప్పేవాడు, ఆ తరవాత తెలుగులో. చెప్పి వెళ్ళిపోయేవాడు కాదు. గుంపులో ఒకరిని పట్టుకుని, "ఇప్పుడు నువ్వు జెప్పు, నేనేం జెప్పిన?" అనేవాడు. పశువుల లెక్కకి మనుషులొస్తారని చాటిన రోజు మా వాడకట్టులో ఒకడు లేచి, "లెక్కబెట్టి సగం తోల్కపోతరంట" అని అప్పజెప్పాడు. అందరం పడీపడీ నవ్వాం. కోట్వార్ నవ్వలేదు.

"నీకట్ల తోచిందంటే ఇంకో పది మందికి అట్లనే తోచింది. వాళ్ళు పైకి జెప్తలేరు, నువ్వు జెప్పినవ్" అని మళ్ళీ మొదటినుంచి మూడు భాషల్లోనూ చెప్పాడు. ఆ రాత్రి మేకల్ని అడవిలో దాచుదామనుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట ఈరోజే బయటపెడుతున్నాను.

రేషన్ దుకాణంలో వేలు పెట్టే మిషన్ వచ్చిన కొత్తలో నాకు ఎర్ర లైటు వెలిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రభుత్వం నా పేరు కొట్టేసిందని అక్కడే కూలబడి ఏడ్చాను, దుకాణంవాణ్ణి తిట్టాను. కోట్వార్ వచ్చి నా బొటనవేలు తిప్పి చూశాడు. "చింతపండు పిసికి పిసికి గీతలు పోయినయి అక్కా. నీ వేలు అరిగింది, నీ పేరు అరగలే" అన్నాడు. చేతులు కడిగించి, తన తువ్వాలుతో తుడిచి, ఉంగరపు వేలు పెట్టించాడు. పచ్చ లైటు వెలిగింది. ఎడమ చేతి బొటనవేలే ప్రభుత్వానికి చెల్లుతుందని అంతకుముందు ఊరంతా నమ్మేది. ఆ మిషన్‌కి ఏ వేలైనా ఒకటేనని ఆరోజు తెలిసింది.

ఫోన్‌లో ఎవరో తియ్యగా మాట్లాడి బ్యాంకు నంబరు అడిగితే ఏం చెయ్యాలో కూడా ఆయనే నేర్పాడు. "ఆఫీసోడు నిన్ను ఎన్నడన్నా బతిమాలిండా? బతిమాలుతున్నడంటే వాడు ఆఫీసోడు గాదు. పెట్టెయ్." నాకు తెలిసిన చట్టంలో సగం ఇలాంటి మాటలే.

ఇక నా తప్పు చెప్పాలి. నా భర్త పోయినప్పుడు కోట్వార్ వచ్చి, చెప్పులు బయట విడిచి, నేలమీద కూర్చున్నాడు. చావు రాసుకోవడానికి ఏ ఇంటికొచ్చినా అలాగే కూర్చునేవాడు, మంచం వేసినా ఎక్కేవాడు కాదు.

"అక్కా, బావ పేరు రాస్కున్న. సచివ్ కాడికొచ్చి ఏలుముద్ర ఏస్తే అయిపోద్ది. ఇరవై ఒక్క రోజుల్లోపయితే ఏ గొడవా లేదు."

"రాపిస్తే కార్డు కొట్టేస్తరు. మా బియ్యం నువ్వు పెడతవా?"

"కార్డెందుకు పోతది? పోయినాయన పేరొక్కటే పోద్ది. మీ పేర్లు మీకుంటయి."

"పోవయ్యా. నీ పుస్తకంల నువ్వు రాస్కో."

నా భర్త ఆధార్ కార్డుని వడ్ల గాదెలో దాచేశాను. రెండేళ్ళు ఆయన కాగితాల్లో బతికే ఉన్నాడు. ఆ తరవాత పొలం పట్టా నా పేరుకి మార్చమని వెళితే, భూమి లెక్కలు చూసే పట్వారీ కాగితాలు తిరగేసి, నీ భర్త ఉన్నాడు కదా, ఆయన్నే తీసుకురా అన్నాడు. రా, మట్టి చేసిన చోటు చూపిస్తానన్నాను. ఆ చోటు కాగితంలో లేదన్నాడు.

మళ్ళీ కోట్వార్ గుమ్మానికే వెళ్ళాను. "నేను జెప్పలే?" అంటాడని మొహం గట్టి చేసుకుని వెళ్ళాను. ఆయన ఆ మాట అనలేదు. నాలుగుసార్లు కోంటలో పెద్దాఫీసుకి తీసుకెళ్ళాడు. అధికారి ముందు నిలబెట్టేసరికి, ఇంటి దగ్గర కొడుకు నేర్పిన హిందీ ముక్కలన్నీ మరిచిపోయాను. కోట్వార్ నా చెవిలో అన్నాడు: "తెలుగుల చెప్పక్కా. హిందీల నువ్వు భయపడుతున్నవ్, తెలుగుల కొట్లాడుతవ్. మనకిప్పుడు కొట్లాట గావాలె."

కొట్లాడాను. ఆయన హిందీ చేశాడు. నేను అంతసేపు మాట్లాడితే ఆయన అంత కొంచెమే చెప్పాడేమని బయటికొచ్చాక నిలదీశాను. "ఫారంల తిట్లు రాసే ఖానా లేదక్కా" అన్నాడు. అయితే ఇంకో సంగతి నాకు చెప్పలేదు. ఇంత ఆలస్యం ఎవరిదని అధికారి గద్దించినప్పుడు, "నాదే సాబ్, నేనే సరిగా చెప్పలేదు" అని హిందీలో ఒప్పుకున్నాడు. నాకు హిందీ రాదనుకున్నాడు. మాట్లాడటం రాదు, వినడం వచ్చు. చివరికి నా పని చేసిపెట్టింది ఆయన పుస్తకంలో తారీఖుతో రాసుకున్న ఆ ఒక్క వరుసే.

ఇప్పుడు చూడండి. పదో రోజున చుట్టాలంతా ఉండగా నేనే అడిగాను, సచివ్ దగ్గరికి ఎప్పుడు పోతారని. కోట్వార్ తమ్ముడు చెయ్యి ఊపాడు.

"ఊకో అక్కా. పేరు తీపిస్తే కార్డే పోతది. అయినా రాసేటోడే పోయిండు, ఇంకెవలు రాస్తరు?"

"రాసేది సచివ్. చెప్పాల్సింది ఇంటి మనిషి. మీ అన్న మధ్యల నడిచిండు, అంతే."

"నీకెట్ల దెలుసు? సదువుకున్నవా?"

"సదువుకోలే, దెబ్బ తిన్న. నా మొగుడు సచ్చిపోయినంక రెండేండ్లు బతికిండు. మీ అన్నని గూడ అట్ల బతికిస్తవా? రేపు మీ వదినకి మొగుడు లేని ఆడోళ్ళ పింఛను కావాలంటే ఏం జూపిస్తవ్?"

వాడు తల దించుకున్నాడు. గెలిచాననుకున్నాను. అప్పుడు మూలన కూర్చున్న కోట్వార్ భార్య నోరు విప్పింది. పది రోజుల్లో ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"బియ్యం గురించి గాదు వదినా. నేను ఏలుముద్ర ఏస్తే, ఆయన పోయిండని నేనే జెప్పినట్టు గదా."

ఏ ఆఫీసులోనూ అంత ఇబ్బంది పడలేదు నేను. తోచింది చెప్పాను.

"పిల్లా, ఆయన ఉన్నడనే అనుకుందాం. ఉన్నోడు డ్యూటీకి రావాలె గదా. రేపటి సంది ఆఫీసోళ్ళు కోట్వార్ రాలే, కోట్వార్ రాలే అని రాస్తరు. ముప్పై ఏండ్లల ఒక్క చాటింపు తప్పినోడు గాదు. ఆయన మీద ఆ మాట పడనిస్తవా?"

ఆమె నన్నే చూసింది. లేచి లోపలికి వెళ్ళి, దేవుడి గూటి వెనక నుంచి ఆయన ఆధార్ కార్డు తెచ్చి తన కొంగున ముడేసుకుంది.

పద్నాలుగో రోజున ఇద్దరం పంచాయతీకి నడిచాం. సచివ్ హిందీలో అడిగాడు, ఆమె తెలుగులో చెప్పింది, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ముద్ర వేయించడానికి సచివ్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, సిరా డబ్బాలో తనే వేలు అద్ది, కాగితంమీద తనే ఒత్తింది. చాలాసేపు ఎత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఎండ మండిపోతోంది. వాగు దగ్గర ఆగాం. ఉన్న కాసిన్ని నీళ్ళలోకి దిగి ఆమె కాళ్ళు కడుక్కుంది, ఒక్క చేత్తోనే పుడిసిలి పట్టి మొహం కడుక్కుంది. సిరా అంటిన చేతిని మాత్రం తడి తగలకుండా భుజం దాకా ఎత్తి పట్టుకుంది. వాగు దాటి ఒడ్డెక్కినా దించలేదు.

పైన చెప్పిందంతా నాకు చదివి వినిపించారు. నా మాటే.

కట్టం రాజమ్మ, వేలిముద్ర (కుడి చేతి ఉంగరపు వేలు)

రాసింది: సరిత, అంగన్‌వాడీ టీచర్

సాక్షులు:
ముత్తయ్య, కోట్వార్ తమ్ముడు, సంతకం
నాగమ్మ, కోట్వార్ భార్య, వేలిముద్ర