అది వేరే ఫేజు, అవ్వా!

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను కొండచిలువను చూశానంటే మా ఇంట్లోవాళ్లు వానపాము అని అర్థం చేసుకుంటారు. జాతరంత జనం వచ్చారంటే, నలుగురు వచ్చారనీ అందులో ఒకరు దారి తప్పి వచ్చారనీ అనుకుంటారు. మా ఆవిడైతే నేను చెప్పిన అంకెను సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, చివరికి మిగిలినదాన్ని కూడా నమ్మదు. మీరూ అదే పద్ధతి పాటించండి. కాకపోతే సాగదీయడం వేరు, కల్పించడం వేరు. ఇందులో ఏది పూర్తిగా నా కల్పనో చివర్లో నేనే చెప్పేస్తాను, మధ్యలో వెతుక్కుని శ్రమపడకండి.

ఆ రోజుల్లో చేవెళ్ల నుంచి పట్నం పోయే బస్సులో సగం కూరగాయల గంపలుండేవి, మిగతా సగం కంప్యూటరు కోర్సులకు పోయేవాళ్లు. కొత్తిమీర మూట మీద కూర్చుని జావా చదివినవాళ్లను నేనెరుగుదును (నేనే. ఆ మూట గల అవ్వ తిట్టిన తిట్లు ఇప్పటికీ జావాకంటే బాగా గుర్తున్నాయి). హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తుంటే ఆ తళతళ మొయినాబాద్ ద్రాక్షతోటల దాకా పడేది. టీకొట్టులో ఎవరైనా "మావోడు సాఫ్ట్‌వేర్‌ల ఉన్నడు" అన్నారంటే వాళ్ల గ్లాసులో ఒక చెంచా చక్కెర ఎక్కువ పడేది. నా గ్లాసులో మాత్రం ఎప్పుడూ పడలేదు. నేను అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకున్నాను, నగరంలో ఉన్న అద్దాల తలుపులన్నీ తోసి చూశాను. చాలావరకు అవి లాగాల్సిన తలుపులు. చివరికి మొయినాబాద్ దగ్గర మా మేనమామ ఇంట్లో పడ్డాను. మామకు కోళ్ల ఫారం ఉంది. అద్దాల మేడలు వద్దన్నవాణ్ని కోళ్లు రమ్మంటున్నాయన్నమాట.

అటువంటి సమయంలో నన్ను పిలిచినవాడు సేటు. చేవెళ్ల చౌరస్తాలో తాతల కాలం నుంచి విత్తనాలు, ఎరువులు అమ్మే కుటుంబం ఆయనది. ఊరంతా కంప్యూటరు అంటుంటే ఆయనకూ ముచ్చటేసి, దుకాణం పైన ఉన్న గోదామును ఖాళీ చేయించి కంప్యూటర్ సెంటర్ పెడతానన్నాడు. పట్నంలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే అక్కడి పాత కంప్యూటర్లు లాటుగా కొనుక్కొచ్చాడు. నలభై కంప్యూటర్లు (సరే, పన్నెండు). నేను మూతలు విప్పి చూద్దును కదా, ఒక్కదాంట్లోనూ హార్డ్ డిస్కు లేదు. అమ్మినవాళ్లు ముందే పీకేసుకున్నారు. ఈ కబురు సేటుకు ఎలా చెప్పాలా అని నేను గొంతు సవరించుకునేలోపే ఆయన ఒక డబ్బాను రెండు చేతులతో ఎత్తి, కళ్లు మూసుకుని, పైకీ కిందికీ ఆడించాడు. పల్లికాయ బస్తాలో తాలు ఎంతుందో ఆయన అలాగే చెప్పేవాడు.

"గిదేంది తమ్మీ, ఇంత తేలిగ్గున్నది? లోపట గింజ లేదు."

"గింజ లేకున్నా నడుస్తది సేటు. అన్నిటికి కలిపి ఒక్క పెద్ద కంప్యూటర్ కొందాం. గింజంత దాంట్లనే ఉంటది. ఇవి దాన్ని అడుక్కొని బతుకుతయ్. దానికి లైనక్స్ అని ఒకటున్నది, పైసా ఇయ్యకుండ ఉత్తగనే వస్తది."

ఉత్తగ అన్న మాటకు సేటు కళ్లు తెరిచాడు. వెంటనే అనుమానంగా చిన్నవి చేశాడు. "ఉత్తగ ఎందుకిస్తర్రా? ఎక్స్‌పైరీ అయిందా?"

కాలేదని నా చేత ప్రమాణం చేయించుకుని గాని పెద్ద కంప్యూటరుకు ఒప్పుకోలేదు. దాన్ని సర్వర్ అంటారు. దాన్ని అడుక్కుని బతికేవాటిని థిన్ క్లయింట్లు అంటారు, అంటే బక్క కంప్యూటర్లు. వాటి బతుకు ఎలాంటిదంటే, పొద్దున లేవగానే వాటికి ఏమీ గుర్తుండదు. స్విచ్చి నొక్కగానే ఒక ఫ్లాపీ గరగరమంటుంది. ఆ ఫ్లాపీ నేర్పిన ఒకే ఒక్క ప్రశ్నను తీగలోకి అరుస్తాయి: "నేనెవర్ని?" అవతల సర్వరు ఓపిగ్గా "నువ్వు ఏడో నంబరువు నాయనా, ఇదిగో నీ పేరు, ఇదిగో నీ సామాను, దించుకో" అంటుంది. ఆ సామానంతా తీగ గుండా వచ్చి దిగాక అప్పుడు తెర మీద బొమ్మ పడుతుంది. అమీర్‌పేట నుంచి అప్పుడే వచ్చిన నాకు వాటి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. నేనూ అంతే కదా, రోజూ లేచి ఊరంతటినీ అదే ప్రశ్న అడుగుతున్నాను.

తీగలు నేనే పరిచాను. గోదాములో ఎలుకలుండేవి. ఒక్కొక్కటీ కుందేలంత. వాటికి పత్తిగింజకంటే నా నీలం తీగ రుచిగా తోచింది. ప్రతి ఉదయం ఏదో ఒక బక్క కంప్యూటరు "నేనెవర్ని?" అని అరిచి అరిచి జవాబు రాక అలాగే ఉండిపోయేది. నేను బల్లల కింద పాకుతూ, తీగను వేళ్లతో తడుముకుంటూ పోయి, కొరికిన చోటు దొరికితే కత్తిరించి, ఎనిమిది రంగుల పోగులను వరసగా పేర్చి కొత్త కొసను బిగించేవాణ్ని. సరిగ్గా నేను బల్ల కింద, ముఖాన బూజుతో ఉన్న సమయం చూసి మా మామ వచ్చేవాడు. మోపెడ్ మీద చేవెళ్ల దుకాణాలకు గుడ్లు వేసి, మెట్లెక్కి, గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"అల్లుడా, ట్రేలు నీకోసం ఎదురుచూస్తున్నయ్. ఎప్పుడొస్తవు?"

బల్ల కింద నుంచి నేను పళ్లు నూరేవాణ్ని. ఎలుకలు పారిపోయేవి.

ఇక అసలు సంగతి. సేటు ప్రారంభోత్సవం ఒక ఆదివారం పొద్దున పెట్టాడు. ముఖ్య అతిథి మోకిల కొత్త వెంచర్‌లో ఇల్లు కట్టుకున్న గుంటూరు వైపు సారు. నగరంలో పెద్ద కంపెనీలో పని, ఆదివారం కూడా మెడలో గుర్తింపు కార్డు. గులాబీ మొక్కల మందు కోసం దుకాణానికి వచ్చేవాడు. సేటు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: "తమ్మీ, నాకు దీంట్ల అఆలు తెల్వయ్. ఆ సారు మంచిగున్నది అంటే సెంటర్ ఉంటది, నువ్వుంటవు. లేదంటే పత్తిగింజల లోడు రానే వస్తున్నది, పైనంత మళ్ల గోదామే." అంటే ఒక్క గంటలో నా బతుకు తేలిపోతుంది. బక్క కంప్యూటర్లా, మామ కోళ్లా.

ఆ రోజు చేవెళ్ల మొత్తం ఆ మెట్లెక్కింది. అంటే, సేటు చుట్టాలు. కంప్యూటర్లకు పసుపు, కుంకుమ, ఒక్కో తెరకూ మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ. ముహూర్తం దగ్గర పడుతుండగా నేను వినయంగా, "ఒక్కొక్కరు ఒక్కో స్విచ్చి, ఒకరి తర్వాత ఒకరు" అన్నాను. సేటు నన్ను పెళ్లిలో తుమ్మినవాణ్ని చూసినట్టు చూశాడు.

"ఒకల తర్వాత ఒకలంటే ముందుగాల ఎవలు? చిన్నబావ ముందు ఒత్తితే పెద్దబావ అన్నం తినకుండ పోతడు. పెద్దబావ ఒత్తితే మా మేనత్త దసరా దాక మాట్లాడది. అందరు ఒక్కపారే ఒత్తాలె!"

నాకూ కాదనడానికి కారణం తోచలేదు. అన్నీ నడుస్తాయి, ఒక్కోటీ విడివిడిగా చూసుకున్నవే. ఒక్కో యంత్రం ముందు ఒక్కో చుట్టం నిలబడ్డారు. పంతులు చెయ్యెత్తగానే పన్నెండు వేళ్లు పన్నెండు స్విచ్చుల మీద పడ్డాయి. పన్నెండు ఫ్లాపీలు ఒక్కసారి గరగరమన్నాయి (వికారాబాద్ రైలు శంకర్‌పల్లిలో కాక మా మేడ మీద ఆగిందేమో అన్నంత చప్పుడు). పన్నెండు యంత్రాలు ఒక్క గొంతుతో "నేనెవర్ని?" అని అరిచాయి. ఆ తర్వాత తెరల మీద చుక్కలు. ఒక చుక్క, పక్కన ఇంకో చుక్క. తర్వాత చుక్కలు కూడా ఆగిపోయాయి.

పెద్దబావ దండను పక్కకు జరిపి చూశాడు. "ఇదేనా కంప్యూటరు?" అన్నాడు. "మాది సుత ఇంతే ఉన్నది," అన్నాడు చిన్నబావ, పెద్దబావకు తనకంటే ఎక్కువ రాలేదని కొంత తృప్తిగా. గుంటూరు సారు కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగుతున్నాడు. నేను తీగలు కదిపాను. తీగలన్నీ వచ్చి కలిసే డబ్బా, హబ్బు అంటారు, దాని మీద తట్టాను. దాని దీపాలన్నీ వెర్రెత్తినట్టు మిణుకుమంటున్నాయి. ఒళ్లంతా చెమట. గుమ్మం వైపు చూస్తే అప్పటిదాకా అక్కడ నిలబడ్డ మామ లేడు. ట్రేలు సర్దడానికే పోయి ఉంటాడనుకున్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

తెరలు నల్లబడ్డాయి, ఫ్యాన్లు ఆగాయి. గదిలో ఉన్న అందరి ముఖాల్లోకి నిశ్చింత వచ్చింది. కరెంటు పోవడం అందరికీ తెలిసిన విషయం, దానికి ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. "థూ, ఈ కరెంటోళ్లు! ముహూర్తం కూడ చూడరు," అని పెద్దబావ, చిన్నబావ జీవితంలో మొదటిసారి ఒకే మాట అన్నారు. సర్వరు ఒక్కటే చిన్న యూపీఎస్ మీద కుయ్‌మని మూలుగుతూ బతికి ఉంది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న సేటు తల్లి, మా అందరికీ అవ్వ, మాత్రం రోడ్డుకు అవతలి వైపు చూసింది.

"ఏందిరా, ఎదురుంగ జ్యూసు దుకాణంల మిక్సీ నడుస్తున్నది గద? మనకే పోయిందా?"

గదంతా కిటికీ వైపు తిరిగింది. గుమ్మంలోంచి మా మామ గొంతు వినిపించింది, కొంచెం రొప్పుతూ.

"అది వేరే ఫేజు, అవ్వా!"

అంతే, అందరూ తలూపారు. చేవెళ్లలో ఆ మాటకు ఎదురు లేదు.

నేను సర్వరు ముందు కూలబడ్డాను. నిన్న నడిచింది ఇవాళ ఎందుకు నడవలేదు? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి? మొదట బంతిపూల దండలు తీసేశాను (భయంలో ఉన్నవాడి బుద్ధి). అప్పుడు వెలిగింది. శనివారం మొయినాబాద్ చౌరస్తాలో చిలుకూరు గుడికి పోయే ఆటో ఆగగానే జనమంతా ఒకేసారి ఎక్కబోతే ఎవరూ ఎక్కలేరు, ఆటో కదలదు. నా ఒక్క సర్వరు మీద, నా ఒక్క పాత హబ్బు మీద పన్నెండు మంది ఒకేసారి ఎగబడ్డారు. కరెంటు రాగానే మళ్లీ అన్నీ ఒక్కసారే లేవకుండా గబగబా అన్ని స్విచ్చులూ ఆపేస్తున్నాను. మామ పక్కకు వచ్చి చెవిలో అడిగాడు.

"అల్లుడా, కరెంటు ఎప్పుడు రావాల్నో చెప్పు."

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండింది. "ఇప్పుడే రావాలె! జరంత ఆగితే యూపీఎస్ సస్తది, దాని ఎనక సర్వర్ సస్తది. అప్పుడు నీ కోళ్ల ఫారంకే వస్త తియ్, ఫికర్ చెయ్యకు!" అన్నాను. మామ గబగబా మెట్లు దిగిపోయాడు. నేను చివరి స్విచ్చి ఆపి నడుము ఎత్తేసరికి ఫ్యాన్లు తిరిగాయి.

ఈసారి సేటు నోరు తెరిచేలోపే అవ్వ తేల్చేసింది. "ముహూర్తానికి అందరు ఒత్తిండ్రు, అయిపాయె. ఇగ ఎవలు ఒత్తితే ఏంది? ఆ పిలగానికి ఇడువుండ్రి." నేను ఒకటో నంబరు నొక్కాను. గరగర, చుక్కలు, బొమ్మ! రెండోది. బొమ్మ! ఒకటి తన పేరు తెలుసుకుని కుదుటపడ్డాకే ఇంకొకదాన్ని లేపాను. చివరిది వెలిగేసరికి చప్పట్లు హైదరాబాద్ దాకా వినిపించాయి. గుంటూరు సారు ఒక డబ్బా మూత పక్కకు జరిపి లోపలి ఖాళీని చూసి, సేటుతో "చాలా బావుందండీ. డిస్కు లేకుండా ఇన్ని నడిపిస్తున్నాడంటే కుర్రాడు గట్టివాడే," అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, నాకొక్కడికే వినబడేలా, "ఆ హబ్బు మార్పించు బాబూ. ఇందాక కరెంటు పోయి మంచి పని చేసింది," అన్నాడు. ఆయన గులాబీలు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

సాయంత్రం మామ మోపెడ్ వెనక కూర్చుని మొయినాబాద్ పోతున్నాను. చేవెళ్ల దాటాక, మర్రిచెట్ల నీడలో బండి ఆపి మామ బీడీ వెలిగించుకున్నాడు. అప్పుడు చూశాను. ప్రారంభోత్సవానికని ప్రత్యేకంగా వేసుకొచ్చిన తెల్లచొక్కా, దాని జేబు మీద ఇంత నల్లటి మసి.

"ఇదేంది మామా?"

"ఫ్యూజు జేబుల ఏసుకుంటి. మరేడ పెట్టాలె? చేతుల పట్టుకొని నిలబడుదునా?"

"నువ్వు... నువ్వే పీకినవా?"

"నీ మొఖంల నెత్తురు చుక్క లేదు. లోపట ఏమైందో నాకేం తెలుసు? ఫారంల ఏదన్న గడబిడ అయితె మేం ముందుగాల ఫ్యూజు పీకుతం, తర్వాత ఆలోచన చేస్తం."

"పీకకుంటే ఇయ్యాల్టి నుంచి నీ కోళ్లకు ఒక మనిషి దొరికేటోడు గద?"

మామ పొగ వదిలి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వా? నిన్ను చూస్తె ఉన్న కోళ్లు సుత గుడ్లు పెట్టుడు బంద్ చేస్తయ్. ఎక్కు బండి."

ఆ సెంటర్ చాలా ఏళ్లు నడిచింది. అక్కడ మొదటిసారి కీబోర్డు ముట్టుకున్న ఆడపిల్లల్లో కొందరు ఇప్పుడు అద్దాల మేడల్లో ఉన్నారు, తలుపు తోయాలో లాగాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు. నేనూ తర్వాత పెద్ద పెద్ద సర్వర్లు చూశాను. ఏది ఆగిపోయినా ముందు అన్నీ ఆపి, ఒక్కోటీ లేపుతాను. అది నా పద్ధతి అని అక్కడివాళ్లు అనుకుంటారు. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో కరెంటు పోతే, రెప్ప వేసేలోపే జనరేటర్ అందుకుంటుంది. అయినా ఆ రెప్పపాటులో నా కళ్లు గుమ్మం వైపు పోతాయి, ఎప్పుడు రావాలో చెప్పమని ఎవరైనా అడుగుతారేమోనని.

ఇక ఒప్పందం ప్రకారం కల్పన సంగతి. కుందేళ్లంత ఎలుకలు, హైదరాబాద్ దాకా చప్పట్లు, అవి కల్పన కావు, సాగదీసినవి. ఫ్యూజు నిజం, మసి నిజం, వేరే ఫేజు అక్షరాలా నిజం. నేను కల్పించింది ఒక్కటే. "ట్రేలు నీకోసం ఎదురుచూస్తున్నయ్" అని మా మామ ఒక్కసారి కూడా అనలేదు. ఆయన వచ్చినప్పుడల్లా చెప్పులు మెట్ల మీద విడిచి, దేన్నీ తాకకుండా గుమ్మం బయటే నిలబడి, ఆ నల్లటి తెరల వైపు చూసేవాడు. నాకోసం తెచ్చిన ఉడకబెట్టిన గుడ్లు కిటికీలో పెట్టి, "నడుస్తదా అల్లుడా?" అని అడిగేవాడు.

"నడుస్తది మామా" అని నేను బల్ల కింద నుంచి అరిచేవాణ్ని. అప్పటికి అది కూడా కల్పనే.